రాని యంత్రానికి పోసిన పునాది

పంపుల కంపెనీలో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆయన రసమట్టమే. యంత్రాన్ని నేలమీద కూర్చోబెట్టేటప్పుడు వంపు చూడటానికి పెట్టే చిన్న గాజు గొట్టం, అందులో అటూ ఇటూ జరిగే బుడగ, ఆ పరికరం పేరే మనిషికి స్థిరపడిపోయింది. కొత్త లేత్‌ యంత్రాన్ని దించి నిలబెట్టగానే ఆయన దూరంగా వెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, "ఎడమ వెనక కాలు వెంట్రుకవాసి దిగింది" అనేవాడు. ఇంజనీరు నవ్వుకుంటూ పరికరం పెట్టి చూసేవాడు. చూశాక నవ్వేవాడు కాదు.

యంత్రాలు బిగించడం ఆయన పని. ముప్పై నాలుగేళ్ళలో ఆ కంపెనీలో ఆయన చెయ్యి పడకుండా నేలకు దిగిన యంత్రం ఒక్కటీ లేదు. కంపెనీ పెట్టిన పెద్దాయన ఒకే ఒక్క లేత్‌తో, అద్దె షెడ్డులో మొదలుపెట్టిన మనిషి. ఒక యంత్రం సంపాదించి పెడితే ఆ సంపాదనతో రెండోది కొనేవాడు. "కాళ్ళు ముడుచుకునైనా పడుకుందాం గానీ పక్కవాడి దుప్పటి లాగొద్దు" అనేవాడు. కొత్త యంత్రం వచ్చిన రోజున మొదటి బోల్టు తనే తిప్పి, రసమట్టం భుజం తట్టి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. అలా ఏడెనిమిదేళ్ళకో షెడ్డు లేచింది. నత్తనడకే. కానీ నత్త ఎప్పుడూ వెనక్కి నడవలేదు.

పెద్దాయన పోయాక కుర్చీ కొడుక్కి వచ్చింది. నలభై అయిదేళ్ళు దాటినా ఆయన్ని అందరూ చిన్నబాబు అనే పిలిచేవారు. చెడ్డవాడేం కాదు. ఎవరైనా ఆస్పత్రిలో పడితే కారు పంపేవాడు. తండ్రికి యంత్రాల వాసన ఇష్టం, కొడుక్కి కాగితాల వాసన ఇష్టం, అంతే తేడా.

ఆ చిన్నబాబు ఒకరోజు అందర్నీ కాంటీన్‌లో సమావేశపరిచి, బల్ల పక్కన నిలబడి మాట్లాడాడు.

"మనం ఇన్నాళ్ళూ చిన్న పంపులు చేసుకుంటూ కూర్చున్నాం. పెద్ద పంపు కావాలంటే దేశం మొత్తం ఇవాళ్టికీ బయట నుంచే తెప్పించుకుంటోంది. ఎందుకని? అది తయారుచేసే యంత్రం కొనే స్తోమత మన ఒక్కళ్ళకీ లేదు. జనం దగ్గర ఉంది. కాస్త ఉన్నవాడు కాస్త, ఎక్కువున్నవాడు ఎక్కువ, మన కంపెనీలో వాటా కొనుక్కుంటాడు. షేర్ల డబ్బుతో యంత్రం వస్తుంది, యంత్రంతో పని వస్తుంది, పనితో మూడొందల కుటుంబాలు నిలబడతాయి. దేశం ఎదిగేది ఇలాగే."

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది రసమట్టమే. పక్కన కూర్చున్న స్టోర్స్ గుమస్తా ఆయన చెవిలో, "ఆలు లేదు చూలు లేదు, అప్పుడే మూడొందల కుటుంబాలా?" అన్నాడు.

"నీ నోట మంచిమాట రాదు కదా" అని కసిరాడు రసమట్టం.

జనానికి షేర్లు అమ్మే పబ్లిక్ ఇష్యూకి ఏడు నెలల ముందు పునాది పని మొదలైంది. యంత్రం పేరు బోరింగ్ మిల్లు, పెద్ద పంపుల పొట్ట లోపల తొలిచేది. నిలబెడితే రెండంతస్తుల ఇల్లంత. దానికి పద్దెనిమిది అడుగుల లోతు గొయ్యి, అరవై నాలుగు బోల్టులు, ఒక్కోటి మనిషి నిలువంత పొడుగు. కాంక్రీటు గట్టిపడ్డాక ఏ బోల్టూ దాని చోటు నుంచి అర మిల్లీమీటరు కూడా తప్పి ఉండకూడదు. అలాంటి పని రసమట్టం అంతకుముందు చెయ్యలేదు. ఆయనకు తెలిసిన వాళ్ళెవరూ చెయ్యలేదు. సన్నటి ఉక్కు తీగలు కట్టి, తూకపు గుండ్లు వేలాడదీసి, బోల్టుల తలలకు చిల్లుల రేకు బిగించి, నలభై రోజులు ఆ గొయ్యిలోనే గడిపాడు. కాంక్రీటు ఒకసారి మొదలుపెడితే ఆపకూడదు, ఆపితే అతుకు పడుతుంది. గొయ్యి అడుగంతా రెండున్నర రోజులు ఏకధాటిగా పోశారు. ఆయన ఇంటికి పోలేదు. భార్య అన్నం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరకొచ్చింది.

సిమెంటు బూడిద కొట్టుకుపోయిన మొగుణ్ణి చూసి, "మన పెళ్ళికి కూడా మీరింత హడావిడి పడలేదు" అంది.

"పెళ్ళి ఒక్కరోజు పని. ఇది వందేళ్ళు నిలవాలి."

"అంటే మన పెళ్ళి నిలవక్కర్లేదా?"

ఆయన నవ్వాడు. ఆ రోజుల్లో ఆయన దేనికైనా నవ్వేవాడు.

గట్టిపడ్డాక కొలిచారు. అరవై నాలుగింటిలో ఒక్కటి కూడా తప్పలేదు. యంత్రం తయారుచేసే కంపెనీ నుంచి వచ్చిన పరదేశపు ఇంజనీరు రెండుసార్లు కొలిచి, టోపీ తీసి, రసమట్టంతో చెయ్యి కలిపాడు. ఆ సాయంత్రమే రసమట్టం తన తమ్ముడికి ఫోను చేశాడు.

తమ్ముడు దూరాన రేవులో క్రేన్ ఆపరేటరు. తొమ్మిదేళ్ళ పర్మనెంటు ఉద్యోగం.

"కొత్త షెడ్డుకి నలభై టన్నుల క్రేను పెడుతున్నార్రా. చిన్నబాబుతో మాట్లాడాను, నువ్వైతే కళ్ళు మూసుకుని తీసుకుంటానన్నాడు. వచ్చెయ్. ఒకే ఊళ్ళో ఉందాం."

"ఆర్డరు కాగితం వచ్చాక వస్తానన్నయ్యా."

"పునాది పోసింది నేనురా. కాగితం అబద్ధం చెబుతుందేమో గానీ కాంక్రీటు చెబుతుందా?"

తమ్ముడికి అన్న మాటంటే వేదం. రేవు ఉద్యోగం వదిలేసి, భార్యతో, బడికెళ్ళే ఇద్దరు కూతుళ్ళతో వచ్చి, అన్న ఇంటి వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు.

షేర్లు అమ్మకానికి వచ్చాయి. షేర్లు కొనేవాళ్ళకిచ్చే ఆఫర్ పుస్తకం మొదటి పేజీలోనే పునాది ఫోటో, బోల్టుల మధ్య చిన్న చుక్కలా రసమట్టం. అమ్మకానికి పెట్టినవాటికి నలభై రెండు రెట్ల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. వ్యాపారం మొదలైందని షేరు బజారులో చిన్నబాబు గంట కొడుతుంటే కాంటీన్ టీవీలో అందరూ చూశారు. మర్నాడు పేపరు, ఈ ఏడు ఇన్ని కంపెనీలు జనం ముందుకు రావడమే దేశం పరుగెడుతోందనడానికి రుజువని రాసింది. పనివాళ్ళకిచ్చిన కోటాలో స్టోర్స్ గుమస్తాకీ కొన్ని షేర్లు దక్కాయి. మొదటిరోజే అమ్మేసి కొత్త బండి కొన్నాడు. "దేశం సంగతి దేవుడెరుగు, నేనైతే ఎదిగాను" అని బండి హారన్ మోగించాడు. రసమట్టం తనవి అమ్మలేదు. పంట కోతకు రాకముందే పొలం అమ్ముకునే రకం కాదు ఆయన.

యంత్రం మూడు నెలల్లో వస్తుందన్నారు. తర్వాత ఓడ ఆలస్యమన్నారు. తర్వాత విదేశీ డబ్బు ధర పెరిగిందన్నారు. తర్వాత బోర్డు ఆలోచిస్తోందన్నారు. ఆ తర్వాత అడిగినా ఎవరూ ఏమీ అనలేదు. రసమట్టం ప్రతి సోమవారం గొయ్యిలోకి దిగి, బోల్టులకు చుట్టిన గోనెగుడ్డ విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు రాసి, మళ్ళీ చుట్టి పైకి వచ్చేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. వానలకు గొయ్యి నిండితే కంపెనీ చేసిన చిన్న పంపుతోనే తోడించేవాడు. మొదట్లో తమ్ముడు కూడా వచ్చి గట్టున కూర్చునేవాడు. క్రేను పట్టాలు రావలసిన చోట ఆకాశాన్ని చూసి, ఎక్కడ ఆపితే బరువు ఊగకుండా దిగుతుందో చేతులతో చూపించేవాడు. తర్వాత పార్శిళ్ళు పంచే వ్యాను ఒకటి దొరికింది. "అంతవరకూ నడుపుతాను" అన్నాడు. "అంతవరకూ" అన్నది ఎంతవరకో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

రెండో ఏడు గడిచాక ఒక ఆదివారం పొద్దున రసమట్టం ఆఫర్ పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. ఆ అమ్మాయి ఆడిటర్ల ఆఫీసులో పని చేస్తుంది, ఇలాంటి పుస్తకాలు ఆమెకు రోజూ కనిపించేవే.

"ఇందులో యంత్రం ఎప్పుడొస్తుందని రాశారో చూడమ్మా."

ఆమె చాలాసేపు చదివింది. టీ చల్లారిపోయింది.

"నాన్నా, ఇందులో రెండు రకాలుంటాయి. కంపెనీ కొత్త షేర్లు పుట్టించి అమ్మితే ఆ డబ్బు కంపెనీకొస్తుంది. దాంతో యంత్రం కొనొచ్చు. పాత వాటాదారులు తమ షేర్లు తాము అమ్ముకుంటే ఆ డబ్బు వాళ్ళ జేబులోకి పోతుంది. కంపెనీకి చిల్లిగవ్వ రాదు."

"మనదేది?"

"నూటికి డెబ్బై అయిదు రెండో రకం."

"మిగతా పాతిక?"

"యంత్రానికే అన్నారు. కింద చిన్న అక్షరాల్లో, పరిస్థితి మారితే బోర్డు వేరే అవసరాలకి వాడుకోవచ్చని కూడా రాశారు."

"అంతమంది కొన్నారే, ఎవరూ చదవలేదా?"

"చదివినవాళ్ళూ ఉంటారు నాన్నా. వాళ్ళకి కావల్సింది యంత్రం కాదు. మర్నాడు ధర పెరగడం."

రసమట్టం పునాది ఫోటో మీద వేలు పెట్టాడు. "మరి దీంతో దేశం ఎదుగుతుందన్నారు కదమ్మా. పేపర్లో కూడా రాశారు."

కూతురు చల్లారిన టీ పక్కకు జరిపింది. "పంటలు బాగా పండిన ఏడు ఊళ్ళో పెళ్ళిళ్ళు ఎక్కువవుతాయి. అలాగని పెళ్ళిళ్ళు ఎక్కువ చేస్తే పంటలు పండుతాయా? ఇదీ అంతే. కాలం బాగున్నప్పుడే అందరూ షేర్లు అమ్మకానికి పెడతారు. ఆ డబ్బు నిజంగా యంత్రమై, షెడ్డై, పనైతే అప్పుడు ఎదుగుదల. మా ఆఫీసుకొచ్చే కంపెనీల్లో ఒకటి అలా చేసింది కూడా, రెండేళ్ళలో ఫ్యాక్టరీ కట్టి చూపించింది. చెయ్యకపోతే డబ్బు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినట్టే. లోపల ఏమీ మారదు."

"అయితే ఎవరో ఒకరు మోసం చేసినట్టే కదా?"

"అదే లేదు నాన్నా. అన్నీ రాసే ఉన్నాయి."

దొంగతనమైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు. పుస్తకంలో రాసిపెట్టి, అందరి సంతకాలూ పెట్టి, గంట కొట్టి చేసినదాన్ని ఎవరికి చెప్పుకుంటాడు? ఆయన పుస్తకం మూసి బీరువా మీద పెట్టాడు.

మర్నాడు చొక్కా మార్చుకుని చిన్నబాబు గదికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు.

"కూర్చో మేస్త్రీ" అన్నాడు చిన్నబాబు. నిజంగానే కుర్చీ చూపించాడు.

రసమట్టం కూర్చోలేదు. "యంత్రం వస్తుందా బాబూ? వస్తే వస్తుందనండి, రాకపోతే రాదనండి."

చిన్నబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రాదు. ఆ యంత్రం పెడితే లాభం చూడ్డానికి అయిదేళ్ళు పడుతుంది. షేర్లు కొన్నవాళ్ళు మూడు నెలలకోసారి లాభం ఎంతని అడుగుతారు. నేనెవరికి సమాధానం చెప్పను? అదే పంపు బయట నుంచి తెప్పించి మన పేరు పలక బిగించి అమ్మితే ఈ ఏడే లాభం. పోయిన ఏడు మన అమ్మకాలు రెట్టింపయ్యాయి, తెలుసా?"

"అమ్మకాలు రెట్టింపైతే పని సగమైందేం బాబూ?"

చిన్నబాబు లేచాడు. కిటికీలోంచి బయటకు చూశాడు. "నాన్నగారు ఉండి ఉంటే పెట్టేవారేమో" అన్నాడు మెల్లగా. "ఆయన్ని అడిగేవాడు లేడు. నన్ను అడిగేవాళ్ళు వేలమంది."

రసమట్టం బయటకొచ్చాడు. తిడదామని వెళ్ళిన మనిషిని తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఆ సోమవారం కూడా గ్రీజు రాశాడు. ఎందుకు రాశావంటే చెప్పలేడు.

తమ్ముడికి చెప్పాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదామని నెల గడిపాడు. చివరికి ఒక మధ్యాహ్నం వ్యాను ఆపించి, పార్శిళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని చెప్పాడు. తమ్ముడు స్టీరింగ్ మీంచి చేతులు తియ్యలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"నెలైంది."

"నెలరోజులూ రోజూ మా ఇంటికొచ్చి కాఫీ తాగావు."

"ఎలా చెప్పాలో తెలీలేదురా."

"రమ్మని చెప్పడానికి ఒక్క పూట పట్టింది."

ఇంజను ఆడుతూనే ఉంది. ఆ తర్వాత తమ్ముడు, "దిగన్నయ్యా, ఇంకా పన్నెండు ఇళ్ళున్నాయి" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

నాలుగో ఏడు ఆ స్థలాన్ని ఒక గిడ్డంగుల కంపెనీకి లీజుకిచ్చారు. గొయ్యి పూడ్చి నేల చదును చెయ్యాలి, బోల్టులు అడ్డం. కాంట్రాక్టరు గ్యాస్ కట్టర్‌తో మనుషుల్ని దింపాడు. రసమట్టం వెళ్ళి, "నేను కోస్తాను" అన్నాడు. స్టోర్స్ గుమస్తా చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

"నీకెందుకయ్యా ఆ పీడ? కూలివాళ్ళున్నారుగా, కోసి పారేస్తారు."

"వాళ్ళు ఎలా పడితే అలా కోస్తారు."

"ఎలా కోస్తే ఏంటి? పూడ్చేదే కదా!"

నిజమే, ఎలా కోస్తే ఏంటి. అయినా ఆయనే కోశాడు. ఎనిమిది రోజులు పట్టింది. గోనెగుడ్డలు విప్పితే బోల్టులు కొత్తవాటిలా మెరిశాయి, ఒక్కదానికీ తుప్పు లేదు. కాంట్రాక్టరు మనిషి ఒకడు వంగి చూసి, "ఇంత మంచివాటిని ఎందుకు కోస్తున్నారు మేస్త్రీ, యంత్రం పాడైపోయిందా?" అని అడిగాడు. "ఆఁ" అన్నాడు రసమట్టం. ముక్కలు పాత ఇనుము లారీకి ఎక్కాయి. మూడు ట్రిప్పులు. లారీవాడు తూకం వేసి కాగితం మీద సంతకం అడిగితే పెట్టాడు.

ఆ నెల పేపర్లో, దేశం ఎదుగుదల పదేళ్ళలో ఎన్నడూ లేనంతగా ఉందని వచ్చింది. కూతురు ఆ పేపరు మడిచి కనపడకుండా పెట్టింది. అదే నెల కంపెనీ నలభై ఒక్కమందిని ఇంటికి పంపింది. బిగించే యంత్రాలే లేనప్పుడు బిగించేవాడెందుకు? రసమట్టానికి ఒక గడియారం, శాలువా ఇచ్చారు. చిన్నబాబు స్వయంగా కప్పి, ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. భార్య ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పోనీలెండి, మోకాళ్ళు అరిగిపోయాయి, కాస్త విశ్రాంతి" అంది. ఆయన తల ఊపి, కలిపిన ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మరో రెండు నెలలకు తమ్ముడు గదులు ఖాళీ చేశాడు. రేవులో అతని క్రేను మీద ఇప్పుడు వేరే మనిషి. ఓడల్లో సరుక్కి తాళ్ళు బిగించే పని ఒకటుంది, కాంట్రాక్టు మీద, రోజు కూలీ. "మన కంపెనీకొచ్చే పెద్ద పంపులు కూడా ఆ రేవులోనే దిగుతాయి" అన్నాడు స్టోర్స్ గుమస్తా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

రసమట్టం బస్టాండుకు వెళ్ళాడు. పెట్టెలు బస్సు మీదకి ఎక్కించాడు, తాడు తనే బిగించాడు. మరదలు కళ్ళెత్తి చూడలేదు. పిల్లలిద్దరూ పెదనాన్నకు చెయ్యి ఊపి లోపలికెళ్ళి కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నారు. పెద్దదానికి బడి మారడం ఇది రెండోసారి. తమ్ముడు మెట్టు మీద నిలబడ్డాడు.

"మళ్ళీ రమ్మని అనను" అన్నాడు రసమట్టం. "ఆ హక్కు పోయింది."

"నువ్వు పిలిచావని రాలేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "పని ఉందని వచ్చాను. నీకూ అలాగే చెప్పారు."

"అది క్షమించడమా, కాదా?"

"ఏమో. అక్కడికెళ్ళాక ఆలోచిస్తాను."

కండక్టరు విజిలేశాడు. బస్సు వెనక్కి జరిగి, మలుపు తిరిగి, పెద్ద రోడ్డులో కలిసిపోయింది.

బస్టాండు గడియారంలో పదకొండు. పనిరోజు పదకొండు గంటలప్పుడు ఊరు ఎలా ఉంటుందో ఆయన ముప్పై నాలుగేళ్ళుగా చూడలేదు, పని పోయిన ఈ రెండు నెలలూ ఇల్లు కదల్లేదు. ఎండలో దుకాణాలు తెరిచి ఉన్నాయి, మనుషులు ఏదో పని మీద గబగబా నడుస్తున్నారు. ఎవరో ముసలాయన పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చి, "ఏ బస్సుకండీ?" అని అడిగాడు.

"ఏదీ కాదండీ" అన్నాడు రసమట్టం. కూర్చున్నాడు.